మా కోడలు చెరిపేసిన గీత

మా కోడలు ఒకరి మీద గొంతు పెంచడం నేను ఒక్కసారే విన్నాను. అదీ ఇంట్లో కాదు, వాళ్ళ ఆఫీసులో, వాళ్ళ పెద్దాయన మీద. ఇంట్లో గొంతు పెంచే పని నేను చూసుకుంటాను కాబట్టి తనకు ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆ రోజు కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళింది. ఉల్లిపాయల బుట్టలో దొరికింది. ఆ అమ్మాయి కళ్ళజోడు ఎక్కడైనా దొరుకుతుంది, ముఖం మీద తప్ప. అది లేకపోతే ఎదురుగా నిలబడ్డ నన్ను కూడా బీరువా అనుకుంటుంది. రెండు బస్సులు మారి పట్టుకెళ్ళాను. కింద కాపలాదారు "కార్డుందా?" అన్నాడు. "నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేశాను. నీలాంటి వస్తాదులను ఎంతమందిని మంచం మీద అటూ ఇటూ తిప్పానో లెక్కలేదు. నన్ను కార్డు అడుగుతావా?" అన్నాను. తనే లేచి లిఫ్టు బటన్ నొక్కాడు.

నాలుగో అంతస్తులో అద్దాల గది. గోడమీద పెద్ద తెర, తెర నిండా పేర్లు, పేర్ల పక్కన నంబర్లు. పెద్దాయన నిలబడి ఉన్నాడు, మా కోడలు నిలబడి ఉంది, మిగతా వాళ్ళు కుర్చీల్లో తలకాయలు దించుకుని ఉన్నారు. తలుపు సందు వదిలి ఉంది. నేను లోపలికి వెళ్ళలేదు. అలాంటి చోట తలుపు దగ్గరే నిలబడాలని ఆయా పనిలో మొదటి వారమే తెలుస్తుంది, అన్నీ అక్కడే బాగా వినిపిస్తాయి.

"నలభై ఒక్క పరిశోధన పేపర్లమ్మా! నలభై ఒక్కమంది ఊరికే రాస్తారా? అందుకే అది ఒకటో నంబరులో ఉంది" అంటున్నాడు పెద్దాయన.

"నలభై ఒక్కమంది రాశారు సార్, ఒప్పుకుంటాను. మా అత్తగారు అడిగినట్టు అడుగుతాను. ఎవరు చూశారు?" అంది మా కోడలు, గొంతు పెంచి.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఎవరు చూడటమేంటి?"

"చూసి రాసినవాళ్ళు ఎంతమంది, విని రాసినవాళ్ళు ఎంతమంది అని."

ఆయన ఏదో అనబోతుంటే మా కోడలు బల్ల మీది కాగితాల కట్ట తీసి, చెప్పులు విడిచి, నేలమీద కూర్చుంది. ఒక్కో పేపరులో ఎవర్ని చూసి రాశారో ఉండే చివరి పేజీ తిప్పడం, ముక్కుకు ఆనించుకుని చదవడం, నేల మీద పెట్టడం. కళ్ళజోడేమో నా చేతిలో ఉంది. పిలిచి ఇద్దామా అనిపించింది గానీ, ఆ ఊపులో ఉన్న మనిషిని ఆపడానికి నాకే ధైర్యం చాలలేదు. అరగంట పట్టింది. ముప్ఫై ఆరు కాగితాలు ఒకదాని వెనక ఒకటి తోకలా నిలిచాయి. ఇది దాన్ని చూసి రాసింది, అది ఇంకోదాన్ని చూసి రాసింది. తోక మొదట్లో ఒకే ఒక్క పేపరు. ఆ పేపరు వాళ్ళు చూసింది తొమ్మిది ఎలుకల్ని. మిగతా అయిదు పేపర్లు వేరే వరుసలో పెట్టింది. అవి మనుషుల ఊపిరితిత్తుల్లో సొంతంగా వెతికి చూసినవి. ఆ అయిదింట్లోనూ పెద్దగా ఏమీ కనపడలేదని రాసి ఉందట.

పెద్దాయన మోకాళ్ళు పట్టుకుంటూ తనూ నేల మీద కూర్చున్నాడు. అయిదూ తీసి చదువుకున్నాడు. తర్వాత తల గోక్కుని, "అంటే ఇన్నేళ్ళుగా తొమ్మిది ఎలుకలు మనందర్నీ ఆడిస్తున్నాయంటావు" అన్నాడు.

"నేననలేదు సార్, కాగితాలే అంటున్నాయి."

ఆ సాయంత్రానికి ఆ ఒకటో నంబరు యాభై ఏడుకు పడిపోయింది. తెర మీది ఆ పేరుకు ఆఫీసులో ముద్దుపేరు పాతకాపు. ఏ జబ్బు జాబితా తీసినా వాడే పైన కూర్చుని ఉండేవాడట.

మా కోడలు నన్ను చూసి, "అయ్యో, మీరెప్పుడొచ్చారు అత్తయ్యా?" అంది. "తొమ్మిది ఎలుకల ముందు" అన్నాను.

ఇంతకీ ఆ జాబితా ఏంటో చెప్పాలి. నేను చదివింది అయిదో తరగతి. అయినా నాకు అర్థమైంది, కాబట్టి మీకూ అవుతుంది.

మన ఒంట్లో వేల రకాల ప్రోటీన్లు తలో పనీ చేస్తుంటాయట. జబ్బు చేసినప్పుడు వాటిలో ఏదో దారి తప్పుతుంది. తప్పింది ఏదో తెలిస్తే దాన్ని పట్టుకుని ఆపే మందు వెతకొచ్చు. కానీ వేలల్లో ఏదని వెతుకుతారు? అందుకని వాళ్ళ కంప్యూటర్లో ఒక పెద్ద పటం పెట్టుకున్నారు. దాని పేరు నాలెడ్జ్ గ్రాఫ్. ప్రతి ప్రోటీనూ ఒక చుక్క, ప్రతి జబ్బూ ఒక చుక్క, ఒంట్లో ప్రతి భాగమూ, ప్రతి మందూ ఒక్కో చుక్క. ఫలానాదానికి ఫలానాదానితో సంబంధం ఉందని ఎక్కడైనా పేపర్లో వస్తే ఆ రెండు చుక్కల మధ్య గీత. మెషీనే పేపర్లు చదివి గీతలు గీసేస్తుంది. అనుమానం ఉన్న గీతల్ని మాత్రం మనిషి చూసి ఉంచాలో తుడవాలో చెప్పాలి. ఆ మనిషి మా కోడలు. చివరికి మెషీను జబ్బు చుక్క దగ్గర బయల్దేరి, గీతల మీద నడుచుకుంటూ పోయి, ఏ ప్రోటీనుకు ఎక్కువ దారులు, గట్టి దారులు ఉన్నాయో చూసి వరసగా నంబర్లు వేస్తుంది. ఒకటో నంబరంటే ముందు నన్ను అనుమానించండి అని.

ఇదంతా తను నాకు చెప్పిన తీరు వేరు. పెళ్ళైన కొత్తల్లో ఒకరోజు, "మీ వార్డులో ఏదైనా పోతే ముందు ఎవర్ని అడిగేవారు అత్తయ్యా?" అంది.

మా ఛాతీ జబ్బుల వార్డులో ఒక ఏడాది థర్మామీటర్లు పోయేవి. వారానికి రెండు, మూడు. అందరూ ఊడ్చేవాడిని అన్నారు. వాడు తాగుతాడు, నోరు మంచిది కాదు, కాబట్టి ఏది పోయినా వాడి పేరే. మా పెద్ద నర్సు మాత్రం నన్ను పిలిచి, "నువ్వు చూశావా, విన్నావా?" అంది. విన్నానన్నాను. "అయితే పోయి చూసి రా" అంది. ఆ ప్రశ్న నాకు ఆమె దగ్గరే అంటుకుంది. ప్రతి మంచం దగ్గరికీ ఎవరు వెళ్తారా అని రెండు రోజులు గమనించాను. ఊడ్చేవాడు మంచాల కిందికే వెళ్తాడు, మంచం ముట్టుకోడు. అన్ని మంచాలనూ ముట్టుకునేది ఒక్కటే, మాసిన దుప్పట్ల బండి. చాకలి గదికి వెళ్ళి మూటలు దులిపించాను. పదకొండు థర్మామీటర్లు రాలాయి. రోగి చంకలో పెట్టుకుని నిద్రపోతే, దుప్పటితో పాటు చుట్టుకుపోయేవి. దొంగే లేడు.

ఈ కథ విని మా కోడలు గరిటె కింద పడేసింది. "దుప్పట్ల బండి! అదే అత్తయ్యా! నేను వెతికేది దాన్నే! అందరి నోట్లో ఉండేది కాదు, అన్నింటినీ ముట్టుకుంటూ ఎవరూ పట్టించుకోనిది!" అంది. పాలు పొంగి స్టవ్ అంతా పాడైంది. తుడిచింది నేనే.

నేను తనకు పెట్టిన పేరు ఎందుకమ్మ. పాలు ఎందుకు పొంగుతాయి, చల్లారాక మీగడ ఎందుకు కడుతుంది, తువ్వాలు ఆరాక ఎందుకు గట్టిపడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతేనట. వాళ్ళ నాన్న పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగి. బడి అయ్యాక ఈ పిల్ల ఆయన బల్ల కింద కూర్చుని కవర్ల మీద పేర్లు చదివేది. ఎవరు ఎవరికి రాస్తున్నారో నోట్‌బుక్కులో గీతలు గీసుకునేది. చెప్పుల షాపాయనకు ఊరి చివర కుట్టు టీచరమ్మ ఎందుకు నెలకు నాలుగు ఉత్తరాలు రాస్తోందని అందరి ముందూ అడిగి, వాళ్ళ నాన్నతో మొట్టికాయ తిందట. ఆర్నెల్లకు వాళ్ళిద్దరికీ పెళ్ళైంది. "నా గ్రాఫ్ అప్పుడే చెప్పింది" అంటుంది ఇప్పటికీ.

జీవశాస్త్రం చదివి, ఉద్యోగం దొరక్క మూడేళ్ళు మందుల షాపులో పనిచేసింది. అక్కడ మందు డబ్బాల్లో పెట్టే సన్నక్షరాల కాగితాలన్నీ చదివిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే అయ్యుంటుంది. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ షాపున్న భవనంలో లిఫ్టు ఆగి తను లోపల ఇరుక్కుంటే వీడు వెళ్ళాడు. భయపడి ఏడుస్తుందనుకుంటే, తలుపు సందులోంచి "రెండు అంతస్తుల మధ్యే ఎందుకు ఆగింది? బ్రేకు పడితే తాడు వదులవుతుందా?" అని మొదలుపెట్టింది. అరగంటలో అయ్యే పని మావాడు గంటన్నర చేశాడు. పెళ్ళి నాటికి ఈ ఆఫీసులో ఉద్యోగమూ దొరికింది. అలా వచ్చిపడింది నా ఇంటికి.

వచ్చిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. కోడలంటే వంట అడగాలి గానీ వార్డు సంగతులు అడుగుతుందేమిటని. కానీ నలభై ఏళ్ళలో ఒక్క డాక్టరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ పిల్ల రోజూ అడిగేది. చదువుకున్న మనిషి మనల్ని అడిగి, చెప్పింది చెవిన పెట్టుకుంటే, ఎంత నోరున్న అత్తయినా మెత్తబడుతుంది. కొంచెమే.

ఇక అసలు సంగతి మా తమ్ముడిది. పక్క వీధిలో రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. రేడియోలు, గడియారాలు బాగుచేసేవాడు. మూడేళ్ళ నుంచి వాడికి ఊపిరితిత్తులు మచ్చ కట్టి గట్టిపడే జబ్బు. అలాంటివాళ్ళను మా వార్డులో ఎంతమందినో చూశాను. ఆరిపోయిన స్పాంజిని పిండినట్టుంటుంది వాళ్ళు ఊపిరి తీయడం. మా తమ్ముడు ఆక్సిజన్ మెషీను గొట్టం ముక్కుకు పెట్టుకుని, ఆ మెషీను మూత విప్పి లోపల ఎలా ఉందో చూసి, మళ్ళీ బిగించి, "పర్లేదక్కా, బాగానే... కట్టారు" అన్న రకం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు.

మా కోడలి ఆఫీసు పట్టుకున్నదీ అదే జబ్బు. పాతకాపును దించింది ఆ జాబితాలోంచే. వాడు దిగాక కింద కప్పబడి ఉన్నవి బయటపడ్డాయి. వాటిలో ముప్ఫై ఎనిమిదో నంబరులో ఒక చిన్న ప్రోటీను. దాని మీద ప్రపంచం మొత్తంలో ఏడంటే ఏడు పేపర్లు. కానీ మచ్చ కట్టే కణాలను మూడు వైపుల నుంచి ముట్టుకుంటోందట. "దుప్పట్ల బండి, అత్తయ్యా!" అని ఎగిరి గంతేసింది. పలకలేని పేరు దానిది, సగం అక్షరాలు, సగం అంకెలు. మా తమ్ముడే దానికి చిట్టి అని పేరు పెట్టాడు.

అప్పటి నుంచి ఆదివారం నేను వాడి దగ్గరికి వెళ్ళగానే మొదటి మాట అదే.

"చిట్టి... ఎక్కడుంది?"

"ఇరవై తొమ్మిది."

క్యాలెండర్ మీద రాసుకునేవాడు. ఇరవై తొమ్మిది, పదిహేడు, ఆరు. ఒకసారి ఉండబట్టలేక, "ఒరేయ్, ఇది మందయ్యేసరికి పదేళ్ళో పదిహేనేళ్ళో పడుతుందట, తెలుసుగా?" అన్నాను. "తెలుసక్కా. నాకు అందదు. అయినా సీరియల్... మధ్యలో వదిలేస్తామా?" అన్నాడు. పెదాలు అలా అన్నాయి, కళ్ళు ఇంకోలా ఉన్నాయి. నలభై ఏళ్ళు రోగుల కళ్ళు చూసినదాన్ని, నాకు తెలియదా?

వాళ్ళ ఆఫీసుకు కావలసింది మూడు పేర్లే. మొదటి మూడు నంబర్లూ ల్యాబుకు వెళ్తాయి. అక్కడ ఆపరేషన్లలో తీసిన నిజం ఊపిరితిత్తుల ముక్కల మీద రెండేళ్ళు పరీక్ష చేస్తారు. ల్యాబు పట్టేది మూడే, నాలుగో దానికి చోటు లేదు. శుక్రవారం పంపాలి. చిట్టి ఆరు దగ్గర ఆగిపోయింది.

ఆ వారం సోమవారం కొత్త పేపరొకటి వచ్చింది. అందులో చిట్టి పేరుంది. మంగళవారానికి చిట్టి రెండో నంబరు! మా కోడలు గుమ్మంలోనే చెప్పులతో సహా అరిచింది. నేను చెయ్యి కడుక్కోకుండానే పక్క వీధికి పరిగెత్తి, రెండంతస్తులు ఎక్కి, "రెండురా!" అన్నాను. వాడు లేచి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు, ఊరికే. పక్కింటాయన్ను పిలిచి క్యాలెండర్ చూపించాడు. ఆ రెండు అంకెను పెన్నుతో మూడుసార్లు దిద్దాడు.

బుధవారం సాయంత్రం వంటగదిలో నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తను స్టూలు మీద కూర్చుని ఆ కొత్త పేపరు నాకు చదివి వినిపిస్తోంది, ముచ్చట కొద్దీ. నేను అలవాటు కొద్దీ అన్నాను, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు, ఒట్టు.

"బాగుంది. ఎవరు చూశారు?"

"వీళ్ళే అత్తయ్యా."

"చూశామని రాశారా?"

"రాశారుగా, ఇదిగో. 'ఈ జబ్బులో దీని పాత్ర ఉండవచ్చని ఇప్పటికే సూచించారు...'"

"సూచించింది ఎవరు?"

చివరి పేజీ తిప్పింది. అరవై మూడో నంబరు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే?"

"అరవై మూడు మాదే అత్తయ్యా."

"మీదేంటి?"

"పోయినేడు ఒక సదస్సుకు వెళ్ళామా? మా మెషీను ఇచ్చిన జాబితాను పోస్టరు చేసి గోడకు పెట్టాం. అందులో చిట్టి ఉంది. పోస్టరు రాసినవాళ్ళలో మూడో పేరు నాది. వీళ్ళు అది చూసి రాశారు. రాసింది చదివి నేను చిట్టికి గీత ఉంచాను. నేనే, సోమవారం నాడు."

నాకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత వార్డులో సంగతి గుర్తొచ్చింది. పెద్ద సర్జనుకు బదిలీ అవుతుందేమోనని ఒక పొద్దున నేనే ఎవరితోనో అన్నాను, ఊరికే నోటి దురద కొద్దీ. సాయంత్రానికి చాకలి గదిలో ఒకామె నా చెవిలో "పెద్ద సర్జనుకు బదిలీ అట, ఖాయమట" అంది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని నమ్మాను. నా మాటే ఊరంతా తిరిగి చీర మార్చుకుని వస్తే నేనే గుర్తుపట్టలేదు.

"అంటే చిట్టికి చిట్టే సాక్షి అన్నమాట" అన్నాను.

"చిట్టి కాదు, నేను. నలభై ఒక్క పేపర్లు నేల మీద పరిచానే, దీన్ని ఒక్కదాన్ని వెనక్కి తిప్పలేదు. అది నిజం కావాలని ఉంది నాకు. అందుకే తిప్పలేదు."

లేచి వెళ్ళి చిట్టి గీతలన్నీ మొదట్నుంచీ తీసింది. గంటసేపు చూసింది. మొదటి ఏడు పేపర్లూ సొంత కళ్ళతో చూసినవే. ఈ ఏడాది కొత్తగా చేరిన వాటిలో మరో రెండు కూడా ఆ పోస్టరు నుంచి పుట్టినవే. మొత్తం మూడు గీతలు.

"ఆ మూడూ తీసేస్తే?"

"పదకొండు."

కత్తి పక్కన పెట్టాను. ఇప్పుడు చెప్పేది నాకు గొప్ప కాదు, అయినా చెప్తాను.

"శుక్రవారం దాకా ఊరుకో అమ్మాయ్. ఎవరికి తెలుస్తుంది? తప్పైతే ల్యాబువాళ్ళే చెప్తారుగా. రెండేళ్ళు వాడు ఆ పేరు తలుచుకుంటూ..." అని ఆగిపోయాను.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా పక్కన వచ్చి కూర్చుని మిగిలిన ఉల్లిపాయలు తను తీసుకుంది.

"చోట్లు మూడే అత్తయ్యా. చిట్టి నా దొంగ గీతల మీద కూర్చుంటే, ఇప్పుడు నాలుగులో ఉన్నది బయటికి పోతుంది. దానికి చూసిన సాక్షులున్నారు. రేపు అదే నిజమైన దుప్పట్ల బండి అయితే? పక్క వీధి మావయ్యగారికి పనికొచ్చేది అదే అయితే?"

కళ్ళు మండుతున్నాయి. ఉల్లిపాయలకే.

గురువారం పొద్దున్నే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. పాతకాపు విషయంలో తన చేతిలో ఓడిన మనిషి ఆయన, ఇప్పుడు దొరికిపోయింది కదా అని ఆడుకుంటాడేమోనని నా అనుమానం. సాయంత్రం అడిగితే చెప్పింది. ఆయన అంతా విని, చెప్పులు విడిచి, మళ్ళీ నేల మీద కూర్చున్నాడట. "రా, కూర్చో. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడలేదా?" అన్నాడట. ఇద్దరూ కలిసి తమ పోస్టరు ఇంకెన్ని పేపర్లలోకి పాకిందో వెతికారట. చిట్టి ఒక్కటే కాదు, ఇంకో నాలుగు పేర్లు కూడా అలాగే పైకి తేలాయి. అన్నింటినీ దించారు. ఇకమీదట వాళ్ళ ఆఫీసు మాట ఎక్కడెక్కడికి తిరిగి వచ్చినా ఆ గీతకు వేరే రంగు వెయ్యాలని, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని కొత్త రూలు పెట్టారు. రూలు రాసే పని మా కోడలికే పడింది.

"చిట్టిని పూర్తిగా తీసేశారా?" అన్నాను.

"ఎందుకు తీస్తాం? చూసి రాసిన గీతలన్నీ దానికున్నాయి. పదకొండులో కూర్చుంది. ఎవరైనా కళ్ళతో చూసి రాస్తే అదే లేస్తుంది."

శుక్రవారం మూడు పేర్లు ల్యాబుకు వెళ్ళాయి. వాటిలో చిట్టి లేదు.

శనివారం నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మావాడు వచ్చి "ఏంటమ్మా, కరెంటు లేని లిఫ్టులా ఉన్నావు?" అన్నాడు. "పోరా, మీ మామయ్య భవనానికి లిఫ్టు పెట్టించలేని మెకానిక్కువి" అన్నాను. పాపం, వాడి తప్పేముంది.

ఆదివారం పొద్దున పాల గిన్నె స్టవ్ మీద పెట్టి చూస్తున్నాను. అది ఎందుకు పొంగుతుందో ఇప్పుడు నాకూ తెలుసు. పక్క వీధికి వెళ్ళే టైమైంది. నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. "రెండులోనే ఉందిరా, మొన్ననే పంపారు" అని. "ఏం కాదు నాయనా, తగ్గిపోతుంది" అని నలభై ఏళ్ళు ప్రతి మంచం దగ్గరా అన్న నోరు ఇది. చేతిలో మందు లేని ఆయా ఇవ్వగలిగింది అదొక్కటే అనుకునేదాన్ని. దానికి నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

మా కోడలు వచ్చి స్టవ్ కట్టేసింది. నా మొహం చూడగానే పసిగట్టేసింది. గ్రాఫ్ అక్కర్లేదు తనకు.

"నువ్వు కూడా రారాదూ? నువ్వే చెప్పు వాడికి" అన్నాను.

"నేను వస్తే నా తప్పు గురించే గంటసేపు మాట్లాడతాను. ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుంది. అంత ఊపిరి లేదు ఆయనకు."

అది నిజమే. వాడు అలాంటివాడే.

"రెండు అని చెప్పింది మీరు అత్తయ్యా. పదకొండు అని చెప్పాల్సింది కూడా మీరే. తొమ్మిదనో పదనో చెప్పకండి. పదకొండు. ఎందుకు దిగిందని అడుగుతాడు. మా కోడలు తన మాటే తను విని నమ్మింది అని చెప్పండి. ఏ మూడు వెళ్ళాయో ఈ చీటీలో రాశాను, ఇవ్వండి. వాటికి పేర్లు పెట్టాలి కదా, మూడూ ఆయన్నే పెట్టమనండి."

చీటీ మడిచి నా చేతిలో పెట్టింది. గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ అంది.

"ఇంకొకటి. చెప్పేసి వెంటనే లేచి వచ్చేయకండి. ఆయన గడియారం విప్పినట్టు ఆలోచిస్తాడు. తర్వాత ఒక ప్రశ్న అడుగుతాడు. మా నాలుగో అంతస్తులో ఎవరికీ తట్టనిదేదో అడుగుతాడు, చూడండి. దాన్ని పట్టుకు రండి నాకు. ఉన్నదున్నట్టు, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ, మీ మాట ఒక్కటీ కలపకుండా."